జానెడు పడుగు

పొదటూరుపేటలో పొద్దున ఎనిమిదిన్నరకంతా దండేల మీద లుంగీలు పాడటం మొదలుపెడతాయి. నీళ్లు కారుతున్నంతసేపు మంద్రంగా, ఆరేకొద్దీ సన్నగా పాడి, పూర్తిగా ఆరినాక నోరు మూసుకుంటాయి. అన్ని లుంగీలూ కాదు. సుదర్శనం గుంటమగ్గం మీద నేసినవి మాత్రమే. ఆ మగ్గం పక్కన కూర్చుని ఎవరు ఏం పాడినా అది నేతలో పడిపోతుంది. రంగు దిగని లుంగీలు కొన్ని ఉంటాయి కదా, అట్లే ఇవి పాట దిగని లుంగీలు. వీధి చివర సుందరరాజులు లుంగీ పద్నాలుగేళ్లుగా ఒకే జోలపాట పాడుతోంది. నాలుగు చోట్ల చినిగింది కాబట్టి నాలుగు చోట్ల పాట తెగుతుంది. తడి లుంగీ కట్టుకుని చావింటికి పోకూడదు, అదొక్కటే జాగ్రత్త.

సుదర్శనం కూతురు నివేదకు ఇరవైమూడేళ్లు. తిరుత్తణిలో బి.కాం. చదివింది, లెక్కల్లో దిట్ట. రెండేళ్ల కిందట నాయన మగ్గం చప్పుడునే తాళంగా పెట్టుకుని, సెల్‌ఫోన్‌లో ఎనిమిది పాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టింది. సగం తమిళం, సగం తెలుగు, ఇంట్లో మాట్లాడుకున్నట్టే. దానికి 'తడి లుంగీ' అని పేరు పెట్టింది. మొదటి వారం నూట పన్నెండు మంది విన్నారు, అందులో తొంభై మంది ఆ వీధివాళ్లే. పదకొండో వారానికి కోటి. ఏడాది తిరిగేసరికి తొమ్మిది కోట్లు. తిరుత్తణి కొండకు మూడువందల అరవై అయిదు మెట్లు. వాళ్లందరినీ తెచ్చి నిలబెడితే మెట్టుకు రెండు లక్షల నలభై ఆరు వేల మంది అవుతారని నివేద ఒకరోజు లెక్క కట్టి, తానే జడుసుకుంది.

ఆ జడుపే రెండో ఆల్బం దగ్గర గొంతుకు అడ్డం పడింది.

చెన్నైలో కంపెనీ తరఫున మురళీధరన్ అనే ఆయన మంచి స్టూడియో ఇప్పించాడు. గోడలకు స్పాంజీ, చల్లటి గాలి, అడిగినప్పుడల్లా అల్లం టీ. నివేద అక్కడ ముప్పై ఒక్క పల్లవులు రాసింది, ముప్పై ఒకటీ కొట్టేసింది. ఏది పాడినా 'తడి లుంగీ'ని మళ్లీ తడిపి ఆరేసినట్టుంది. కళ్లు మూసుకుంటే మెట్ల మీద కోట్ల మంది నిలబడి, "ఊఁ, తర్వాత?" అంటున్నారు.

"చూడమ్మా," అన్నాడు మురళీధరన్ ఒకరోజు, కోపం లేకుండానే. "తిరుత్తణి కొండ మీద ఆడికృత్తిక పండగకు పాటలు చేతికి రావాలి. రాకపోతే కంపెనీ ఇంకొకరిని చూసుకుంటుంది. ఒక్క ఆల్బంతో ఆగిపోయినవాళ్లు నాకు పదిహేడు మంది తెలుసు. నువ్వు పద్దెనిమిదో మనిషివి కావద్దు."

ఆ మాటకంటే పెద్ద భయం ఇంకొకటి నివేద లోపల ఉంది. మొదటి పాటలు పాడింది తానేనా, మగ్గమా? ఎవరినీ అడగలేక, మరునాడే ఊరికి బస్సెక్కింది.

ఇల్లు చేరగానే చెప్పులు కూడా విడవకుండా మగ్గం దగ్గరికి పోయింది. "నాయనా, పడుగు ఎక్కించు. పక్కన కూచోని పాడతా."

సుదర్శనం తల గోక్కున్నాడు. "ఎక్కించొచ్చు మా. ఎక్కించి నేసినా కూడా, మూడు సార్లు. గుడ్డ బాగానే వస్తా ఉండాది. పాట మాత్రం పట్టడం లే. మూగగుడ్డ."

"ఎందుకు పడతాది?" తిన్నె మీద చింతపండులో గింజలు తీస్తున్న నాయనమ్మ మునెమ్మవ్వ తలెత్తింది. "తోక కోసేసిన మగ్గం ఏం పాడతాది? నలభై యేండ్లు నేసినాడు, నీ నాయన. బుద్ధి మాత్రం ఆ తిరువళ్ళూరు స్టేజీ మీద వదిలేసి వచ్చినాడు."

అవ్వ కోపానికి కారణం ఉంది. గుడ్డ నేసి దించేటప్పుడు పడుగును, అంటే నిలువు పోగులను, మొత్తంగా కొయ్యరు. పోగులు దూరే అచ్చులో జానెడు పాత పడుగు అట్లే వదులుతారు, దాన్నే తోక అంటారు. కొత్త పడుగు తెచ్చి, దాని ఒక్కొక్క పోగునూ పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. రెండువేల నాలుగు వందల పోగులు, రెండువేల నాలుగు వందల అతుకులు. సుదర్శనం ఇంట్లో ఇది వాళ్ల తాత కాలం నుంచి తెగలేదు. ఆ మగ్గం మీద ఉండేది కొత్త పడుగని ఎవరూ అనేవాళ్లు కాదు. అదే పడుగు, ఊరికే పొడుగవుతూ వస్తోంది, అంతే.

కిందటేడు తిరువళ్ళూరులో నివేదకు సన్మానం చేశారు. 'తడి లుంగీ' పాటలు పడిన గుడ్డను స్టేజీ మీద వేలాడదీయాలని కంపెనీవాళ్లు అడిగారు. సంతోషం పట్టలేక సుదర్శనం పడుగంతా కోసి ఇచ్చేశాడు. అది ఇప్పుడు చెన్నై ఆఫీసులో అద్దం వెనక ఉంది.

"ఆ తోక కూడా అద్దంలోనే ఉండాదా?" నివేద మగ్గం కిందికి వంగి చూసింది.

"లేదు మా. కిందికి వేలాడి అసింగంగా ఉంటాదని ఆ జానెడూ కత్తిరించి తిన్నె మీద పడేసినా."

"తిన్నె మీద నుంచి యాడికి పోయింది?"

పక్కింటి వరదమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది. ఆ వీధిలో పోయిన వస్తువులన్నిటి ఆచూకీ ఆమెకు తెలుసు. "ఆటో ఏళుమలై ఎత్తుకపోయినాడు కదా! ఆ జానెడు పోగుల్ని కుచ్చులు కుచ్చులుగా మూడు పేటల జడ అల్లి, కొసకు కొస ముడేసి, ఆటో వెనక మూటలు కట్టేదానికి పెట్టుకున్నాడు. అందుకేగా ఆ ఆటో పాడేది. నీకు తెలవదా పాపా? నువ్వు చెన్నైలో ఉంటివి."

పొదటూరుపేట, తిరుత్తణి మధ్య షేర్ ఆటోలు పన్నెండు తిరుగుతాయి. ఏళుమలై ఆటోలో పాటల పెట్టె లేదు. అయినా జనం దానికోసమే కాచుకుని ఎక్కుతారు. నివేద బస్టాండు దగ్గర దాన్ని పట్టుకుని, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆరుగురు పట్టే ఆటోలో అది ఏడో సీటు.

ఆటో కదిలింది. వెనక నీళ్లోడుతున్న పూలబుట్టలకు బిగించి తడిసిన తాడు, గ్రీజు మరకలతో నల్లబడిన ఎరుపూ నీలం పోగుల జడ, గొంతు సవరించుకుని పాడసాగింది. 'తడి లుంగీ'లో ఎనిమిదో పాట, ఆఖరి చరణం. నివేద కళ్లలో నీళ్లు తిరిగాయి. చరణం అయిపోయింది. తాడు ఆగలేదు.

"ఇది నాది కాదే!" అంది నివేద.

అది ఎనిమిదో పాట ఆగిన చోటే ఎత్తుకుని ముందుకు పోతోంది. మల్లెలు వాడిపోతున్నాయని పూలామె సణిగిన సణుగుడు అందులో ఉంది. నర్సు కోర్సు చదివే అమ్మాయిల నవ్వు ఉంది. "కొంచెం జరుగు సామీ, నాదీ టిక్కెట్టే" అన్న ఎవరిదో తగాదా తాళంలో పడి ఎగురుతోంది. కొండకు కావడి మోసేవాళ్ల 'అరోగరా' కేక దూరంగా శ్రుతి పట్టింది.

నివేద వెంటనే లెక్క వేసింది. రోజుకు తొమ్మిది ట్రిప్పులు, ట్రిప్పుకు ఎక్కీ దిగీ పదకొండు మంది, రెండువందల పది రోజులు. ఇరవైవేల ఏడువందల తొంభై మంది. మెట్ల మీద నిలబడి "తర్వాత?" అని అడిగేవాళ్లు కాదు వీళ్లు. తర్వాత ఏమైందో వాళ్లే చెబుతున్నారు.

"అన్నా, ఈ తాడు నాకు కావల్ల."

ఏళుమలై అద్దంలో చూసి పళ్లికిలించాడు. "ఎట్ల ఇచ్చేది పాపా? తాడు పోతే నా ఆటోకు ఎవురు ఎక్కుతారు? ఆ మణి ఆటో ఎక్కరా, వాడు సీటుకు పూలగుడ్డ కూడా వేసినాడు!"

"ఏం చేస్తే ఇస్తావు?"

అతను రెండు కిలోమీటర్లు ఆలోచించాడు. "ఆడికృత్తిక రోజు నీ కంపెనీ, నీ కారు అన్నీ వదిలేసి, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఈ ఏడో సీటులో కూచోని నువ్వే పాడల్ల. సరిదానా?"

"సరిదా," అంది నివేద.

తాడు తెచ్చి, జడ విప్పి, సీకాయతో ఉతికారు. గ్రీజు సగమే పోయింది. "ఉండనీ, అది కూడా పాటే," అంది అవ్వ. సుదర్శనం తోక పోగులను ఒక్కొక్కటే అచ్చులోకి ఎక్కించాడు. ఆపైన వీధిలో ఆడవాళ్లంతా వచ్చి వరుసగా కూర్చుని, విబూదిలో వేళ్లు అద్దుకుంటూ పోగుకు పోగు మెలిపెట్టారు. వరదమ్మ కోడలు దేవకి వేగంగా అతికింది, వరదమ్మ వేగంగా మాట్లాడింది. ఒక్కో అతుక్కీ మగ్గం 'ఊఁ' కొట్టింది.

రెండో రోజు మురళీధరన్ కారులో దిగాడు. "పాటలు ఎంతవరకు వచ్చినాయి?"

"వెయ్యిన్ని ఆరువందల పోగులదాకా వచ్చినాయి సార్," అంది నివేద.

ఆయన నోరు తెరిచేలోపు అవ్వ ఆయన చేయి పట్టుకుని చూసింది. "వేళ్లు సన్నంగా ఉండాయి. కూచో నాయనా. ఊరికే నిలబడితే పోగులు జడుసుకుంటాయి."

మురళీధరన్ ఇస్త్రీ ప్యాంటుతో చాప మీద కూర్చున్నాడు. అవ్వ మూడువందలు అతికేలోగా ఆయన నలభై అతికాడు. అందులో పదకొండు ఊడిపోయాయి. "సీక్రం, సీక్రం," అని తనను తానే తొందర పెట్టుకుంటూ ఉంటే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. సాయంత్రానికి ఆయన ఫోను ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

ఎనిమిది రోజులు సుదర్శనం నేశాడు, నివేద పక్కన కూర్చుని పాడింది. ఈసారి పల్లవి వెతకలేదు. ఆటో తాడు ఆపిన చోట అందుకుంది, అంతే. తొమ్మిది పాటలు వచ్చాయి. పేరు 'ఏడో సీటు'. నాలుగో పాటలో ప్రతి చరణం చివరా ఒక మగగొంతు "సీక్రం, సీక్రం" అంటుంది. అది తీసేయమని మురళీధరన్ బతిమాలాడు. నేతలో పడింది తీస్తే గుడ్డ చినుగుతుందని అవ్వ తేల్చేసింది.

పాటలు ఫోన్‌లోకి ఎక్కించి, గుడ్డ దించే వేళకు మురళీధరన్ నసిగాడు. "ఇది కూడా మొత్తంగా ఇస్తే, ఆఫీసులో పాతదాని పక్కనే..."

సుదర్శనం కత్తెర తీసి కూతురి వంక చూశాడు. నివేద గుడ్డ అంచు దగ్గర మిగిలిన పడుగు మీద తన చేయి పరిచింది, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. "ఈడిదాకా కొయ్యి నాయనా. ఇది మగ్గానిది."

ఆడికృత్తిక రోజు పొద్దున్నే ఏళుమలై ఆటోకు వేపాకు కట్టి తెచ్చాడు. నివేద ఏడో సీటులో కూర్చుంది. మూటలు ఈసారి మామూలు నైలాన్ తాడుతో కట్టి ఉన్నాయి. అది గడ్డిపోచలా మూగగా పడి ఉంది. మగ్గమూ లేదు, తోకా లేదు, స్పాంజీ గోడలూ లేవు. నివేద మొదటి పాట ఎత్తుకుంది.

తొలి మలుపు దాటేసరికి పూలామె కాలితో తాళం వేస్తోంది. రెండో మలుపులో నర్సమ్మాయిలు పల్లవి పట్టుకున్నారు. అయిదో ట్రిప్పులో, పూలకావడి ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె నివేద ముఖాన్ని వంగి వంగి చూసింది. ఆమెకు ఫోనూ లేదు, 'తడి లుంగీ' సంగతీ తెలియదు.

"బాగా పాడతావే పాపా," అంది. "అచ్చం ఈ ఆటో మాదిరే."

ఏళుమలై పగలబడి నవ్వాడు. "అవ్వా, ఇప్పుడు ఆటో పాడడం లే. పాడేది పాపే!"

"ఎవురైతే ఏమప్పా," అంది ముసలామె, కావడి సర్దుకుని. నివేద నవ్వుతో చరణం మధ్యలో ఆగిపోయేసరికి ఆమె భుజం తట్టింది. "నిలపబాకమ్మా, నా స్టాపింగు ఇంకా రాలే."