మైల ఇళ్ళు

కలరాతో పోయిన లోవమ్మ భర్త గంగయ్యను ఇసుకమేటలో పూడ్చిన మర్నాడే వాళ్ళ కూతురు సుబ్బాయమ్మకూ వాంతులు పట్టుకున్నాయి. ఎండ నెత్తికెక్కేసరికి పిల్ల కళ్ళు లోతుకు పోయాయి. గంజినీళ్ళు పోస్తే నిలవడం లేదు.

పొద్దున దండోరా వేశారు. కలరా ఆరా తీయడానికి తాలూకా గుమాస్తా ఊరి చావడికి వచ్చాడు. ఇంటికొకరు వెళ్ళి తమ ఇంటి సంగతి చెప్పుకోవాలి. జబ్బున్న ఊరికి నరసాపురం నుంచి మందులతో డాక్టరు పడవ వస్తుంది. లోవమ్మ ఆశంతా ఆ పడవ మీదే ఉంది.

మధ్యాహ్నం జాలరిపేట కులపెద్ద బుల్లియ్య చావడి నుంచి తిరిగొచ్చి, పడవ రాదన్నాడు. చావడికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరింట్లోనూ జబ్బు లేదట. ఎవరింటి మాట వాళ్ళే చెప్పాలన్నారట. ఊరు ఆరోగ్యంగా ఉందని రాసేశారట.

"చావొచ్చిన ఇళ్ళోళ్ళు ఎవరెళ్ళారు మావా?"

"మైలలో గడపెట్టా దాటతారే? పెద్దకర్మ అవ్వాలిగా."

లోవమ్మకు అప్పుడు సంగతి తెలిసింది. జబ్బు జొరబడిన ఇళ్ళన్నింటినీ మైల కట్టుబాటు ఏరి మరీ లోపల కూర్చోబెట్టింది. మిగిలినవాళ్ళను అడిగి సర్కారు ఊరి ఆరోగ్యం తేల్చుకుంది. తనలాగే మైలలో ఉన్న పక్కింటి రత్తమ్మకు పిల్లను అప్పగించి ఆమె గడప దాటింది. బుల్లియ్య వద్దంటూ వెంటపడ్డాడు.

చావడిలో గుమాస్తా కాగితాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఆమెను చూసి కరణం గోడకు అతుక్కుపోయాడు. మైల తీరాక రమ్మని గుమాస్తా మెత్తగానే చెప్పాడు.

"అప్పటికి మీకు చెప్పడానికి మా పేటలో మనుషులుండరండి."

"వచ్చినవాళ్ళను అడగమనే నాకు ఉత్తర్వు. అందరూ బాగున్నామన్నారు. నేనేం చెయ్యను?"

"బాగున్నోళ్ళే రాగలిగారండి. రాలేనోళ్ళ ఇళ్ళకి మీరు రండి. చూశాక ఏం రాస్తారో రాసుకోండి."

నీటి పోటు తగ్గిపోతోందని, తన పడవ ఆగదని గుమాస్తా పెట్టె ఎత్తుకున్నాడు. లోవమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చావడికి ఉన్నది ఒకే గుమ్మం. ఆమెను తాకకుండా దాటే వీల్లేదు.

"లేవవే. అయ్యగార్లకి మైల అంటుద్ది," అన్నాడు బుల్లియ్య.

"అంటనీ మావా. లేదంటే మాలాగే లోపలే కూర్చోమను."

కరణం తలారిని కేకేశాడు. తలారి చెయ్యి చాచాడు కాని, తనకూ మైల అంటుతుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. బుల్లియ్య ఎటూ తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాడు. తర్వాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలో మిగిలిన జాగాలో, లోవమ్మ భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు.

రేవులో పడవవాడు రెండోసారి బూర ఊదాడు. గుమాస్తా పెట్టె చంకన పెట్టుకుని, ఎత్తిన కాలు ఎక్కడ మోపాలో తెలియక నిలబడిపోయాడు.