గులాబీ రంగు పల్పరు

మా మేనల్లుడు ఫల్గుణకు బుర్ర లేదని నేననను. ఎప్పుడు వాడాలో తెలియదు, అంతే.

పక్క కొండ మీది భీముడి కూతురు హేమలతను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. హుకుంపేట కొండల్లో ఇదేమీ వింత కాదు. ఇష్టపడ్డ జంట చుట్టాలింట్లో దాక్కుంటుంది, రెండూళ్ల పెద్దలూ కూర్చుని తప్పు కింద డబ్బు కట్టించి పెళ్లి చేస్తారు. ఈలోగా తండ్రి కనిపెడితే మాత్రం పిల్లను లాక్కుపోతాడు. భీముడు అప్పటికే ఎవరో కాంట్రాక్టరు కొడుకుని చూసి పెట్టాడు. వాడి పేరెత్తితే హేమలతకు ముద్ద దిగదు.

అందుకే ఊరంతా నోరు కుట్టేసుకుంది. భీముడు వెతుక్కుంటూ వస్తే, అబద్ధం పాపమని మాకు రోజూ చెప్పే సవరమ్మ కూడా "ఏ గుంట? మాకేటి తెలుసు?" అంది.

ఊరు దాచింది. మావాడు స్టేటస్ పెట్టాడు.

మా ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. ఊరి పైనున్న బండ ఎక్కాల్సిందే. ఆ మహానుభావుడు పనిగట్టుకుని ఎక్కి మరీ పెట్టాడు. నా పెరట్లో హేమలత కాఫీ గింజలు ఆరబోస్తున్న ఫోటో. ముఖం మీద ఎర్ర గుండె బొమ్మ అంటించాడు.

"ముఖం కనపడనేదు కదత్తా! భీముడు మావకి కనపడకుండా సెట్టింగు కూడా ఎట్టేను" అన్నాడు గొప్పగా.

"ముఖం సరేరా, ఎనకాతల నా పల్పరు మాటేటి?"

కాఫీ పళ్ల తోలు తీసే ఆ యంత్రానికి, బడికి వేయగా మిగిలిన గులాబీ రంగు నేనే పూశాను. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. ఇక సెట్టింగంటారా, బండ మీద ఒకరి ఫోన్లోకి పదిమంది తలలు దూరుస్తారు. ఒక్కడికి దాచి ఊరందరికీ చూపించడం, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే.

ఎవరి ఫోన్లోనో నా పల్పరును గుర్తుపట్టి, ఎండెక్కేసరికి భీముడు మా కొండెక్కాడు. ఫల్గుణ దాక్కున్నాడు. ఎక్కడ? పల్పరు వెనకే! హేమలత మాత్రం పెరట్లోంచి కదల్లేదు. ఆరబోసిన గింజల్నే మళ్లీ మళ్లీ తిరగేస్తోంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"నడు" అన్నాడు భీముడు. ఆయాసంతో రొప్పుతున్నాడు.

కొండెక్కి వచ్చినవాడు పగవాడైనా ముందు అంబలి ఇస్తాం. ఆనపబుర్రలో చోడంబలి అందించాను. దాహం మీదున్నాడేమో, గటగటా తాగేశాడు.

పిల్ల దాక్కున్న ఇంట్లో తండ్రి అంబలి తాగితే వియ్యానికి ఒప్పుకున్నట్టే మా దగ్గర. కంగారులో నాకూ గుర్తు లేదు. ఆ గుంట హేమలతకు గుర్తొచ్చింది. ఫోనెత్తి, ఆనపబుర్రతో ఉన్న తండ్రిని ఫోటో తీసింది.

"అయ్యా, స్టేటస్ ఎట్టేసేను."

భీముడి మీసాల మీదుగా అంబలి కారుతోంది. "ఎవులెవులు సూత్తారే?"

"అందరూ. నీకొక్కడికే కనపడదు. అలాగ సెట్టింగెట్టేను."

"అడక్కుండా మడిసి ఫోటో ఎడతావా? సిగ్గునేదా? బేగి తీసీ!"

"తీసేత్తాను. పెద్దల్ని కూకోబెడతానని సెప్పు."

భీముడు బుర్రలోకి చూశాడు. చుక్క మిగల్లేదు. అరుగు మీద కూలబడ్డాడు. "సంత అయ్యేక కూకుందాం" అని గొణిగి, మీసాలు తుడుచుకుని దిగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక హేమలతను అడిగాను. "తీసేసేవా?"

"ఎట్టిందెక్కడత్తా? ఇక్కడ సిగ్నలేదీ?" అని, ఫోన్లో తండ్రి ఫోటో చూసి నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని దాన్ని చెరిపేసింది. "మా అయ్య కదత్తా. నలుగురూ నవ్వకూడదు."

పల్పరు వెనకనుంచి ఫల్గుణ తల బయటకొచ్చింది. "అయ్యో, సెరిపేసేవా? నాకు పంపీసుంటే బండెక్కి ఎట్టేద్దును కదే!"

వాడి ఫోను ఇప్పుడు నా కాఫీ మూట అడుగున ఉంది. పెళ్లయ్యాక ఇస్తాను.