ఉప్పు తిన్న చాకు

ఆగండి.

ఒక్క నిమిషం. ఫోను పక్కన పెట్టండి. ఫ్యాను కూడా కట్టేయండి... చెవి ఇటు పెట్టండి.

టక్.

విన్నారా? అంతే. చింతగింజ గచ్చు మీద పడినట్టు, అంత చిన్న చప్పుడు. మడత చాకు తెరుచుకుని, నిటారుగా నిలబడి, ఇంక నేను కదలను పో అన్న చప్పుడు.

దాని వెనకాల అల. అల వెనకాల ఇంకో అల.

గౌరి పుట్టగానే విన్నవి ఈ రెండు చప్పుళ్ళే అంటుంది వాళ్ళ నానమ్మ గురమ్మ. నిజమో కాదో మనకెందుకు. గౌరి నమ్మేసింది.

చాకు అరచేతిలో పట్టేంత. దున్న కొమ్ముతో చేసిన పిడి... నల్లగా, పట్టుకుని పట్టుకుని నున్నగా, కొస దగ్గర మాత్రం తేనె రంగు. ఇత్తడి మేకులు. లోపల మడుచుకుని పడుకునే ఇనుము — ఇంట్లో దాన్ని నాలుక అంటారు. ఎప్పుడో తాత బరంపురం బజార్లో కొన్నాడు. తాత లేడు. చాకు ఉంది. గురమ్మ రొంటిన ఉంది, పగలూ రాత్రీ.

ఆ ఇంట్లో ఒక పద్ధతి.

కొత్త వల అల్లడం పూర్తయితే, ఆఖరి ముడి దగ్గర మిగిలిన దారం కొసని ఈ చాకుతోనే కొయ్యాలి. ఒడ్డున. పొద్దు పొడుస్తుంటే. ముందు చాకు టక్ అనాలి, నిలబడ్డ అందరికీ వినపడాలి. అప్పుడు కొయ్యాలి. కోశాక చాకుని ఒక్కసారి అలలో ముంచాలి. కడగకూడదు. తుడవకూడదు. ఉప్పు దాని మీదే ఆరిపోవాలి.

అప్పుడు గానీ వల తడవదు.

ఎందుకూ అని గౌరి చిన్నప్పుడు అడిగింది. "సముద్రానికి మన రుసి తెలియాల," అంది గురమ్మ. "ఈల్లు మనోల్లే అని గుర్తుపట్టాల. తుడిసేత్తే ఏటి గుర్తుపడతాది?"

పాత వలని తిత్లీ తుఫాను పట్టుకుపోయింది. పోయిందంటే పోయింది, ఒక్క ముడి కూడా మిగల్లేదు. ఆ చలికాలమంతా, ఆ తర్వాత ఎండాకాలమంతా ఇంట్లో ఒకటే పని. దారం. ముడి. దారం. ముడి. టీవీలో సీరియల్ చూస్తూ ముడి. ఎసరు మరిగేలోపు ముడి. చేపల వేటకి పోకూడదని సర్కారు ఆపేసిన రోజుల్లో ఊరంతా అరుగుల మీదే ఉంది, ఏ ఇంటి ముందు చూసినా వలలే — నీలం, ఆకుపచ్చ, నీలం... శ్రీకాకుళం కాలేజీ నుంచి సెలవులకొచ్చిన గౌరి చెవుల్లో పాటలు పెట్టుకుని, తల ఊపుకుంటూ, ముడి.

ఈసారి దారం కోసేది గౌరి!

గురమ్మ చేతులు వణుకుతున్నాయి. ఆమే చెప్పేసింది, "ఈ పాలి గుంట కోత్తాది" అని.

"ఈ గుంటేటి కోత్తాది?" అన్నాడు చిన్నాన్న అసిరయ్య. బోటు ఆయనది. నోరు కూడా ఆయనదే. "ఉల్లిపాయ కోస్తేనే ఈది ఈదంతా ఇనిపించేలా ఏడుస్తాది."

అందరూ నవ్వారు. గౌరి కూడా నవ్వింది. లోపల మాత్రం గుండెల్లో చేప ఒకటి ఎగిరి పడింది.

అందుకే ప్రాక్టీసు.

రేపు వేట మొదలు. ఇవాళ పొద్దున్నే నానమ్మ దగ్గర చాకు అడిగి తీసుకుని గడప మీద కూచుంది. బొటనవేలి గోరు నాలుక మీది గాడిలో పెట్టి, లాగి — టక్. మూసి. మళ్ళీ — టక్. చెయ్యి కొంచెం పైకెత్తి, జనం చూస్తున్నట్టు, గాలి జుట్టు ఎగరేస్తున్నట్టు — టక్. ఇంకోసారి. ఒకే ఒక్కసారి...

పుటుక్.

నాలుక వాలిపోయింది.

పైకెత్తితే వాలింది. పక్కకి తిప్పితే ఊగింది. నిద్ర మత్తులో ఉన్న పిల్లాడి మెడలా, ఎటు వంచితే అటు. పిడి వీపులో దాన్ని నొక్కి పట్టుకునే స్ప్రింగు మధ్యకి విరిగిపోయింది.

గురమ్మ వచ్చింది. చూసింది. తిట్టలేదు. అందుకే భయమేసింది గౌరికి.

"గడ్డం గీసుకునే బ్లేడు నేదేటి ఇంట్లో?" అసిరయ్య గోల మొదలెట్టాడు. "దాంతో కోసెయ్యండి! తెల్లారితే ఊరి బోట్లన్నీ సముద్రంలో ఉంటాయి. కవళ్ళ చేపలు మీ టక్కు కోసం ఆగుతాయేటి?"

"పలక్కపోతే వల తడవదు," అంది గురమ్మ.

అంతే. ఇంక ఆ మాట మీద మాట లేదు.

అసిరయ్య వల వైపు చూశాడు. ఇన్నాళ్ళ వల, అరుగు మీద నీలంగా, కొండలా. తర్వాత గౌరి పక్కన గొంతుక్కూచుని, గోల తగ్గించి, "సాయంత్రం లోపల పలికించుకు రావే," అన్నాడు. "నాను ముసిల్దాన్ని ఒప్పించనేను. సముద్రాన్నయినా ఒప్పిస్తాను గానీ..."

గౌరి పరిగెత్తింది.

ఆటో. ఆటో నిండా జనం, మధ్యలో చేపల బుట్ట, బుట్ట పక్కన గౌరి, గౌరి గుప్పిట్లో చాకు. నౌపడా దగ్గర ఉప్పు మళ్ళు వచ్చాయి. ఎండకి తెల్లగా, తెల్లగా, కళ్ళు మూసినా తెల్లగా. ఉప్పు కుప్పల మీద కొంగలు. ఎంత బాగుందో! ఇంత కంగారులోనూ ఎంత బాగుందో అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది.

టెక్కలిలో ఇనుప సామాన్ల కొట్టు. కొట్టాయన చాకుని ఊపి చూసి, నాలుక ఊగుతుంటే నవ్వాడు. "కొత్తది తీసుకోమ్మా. ఎర్ర పిడి. సీసా మూత తీస్తాది, సివర లైటు కూడా ఎలుగుతాది."

"టక్ అంటాదా?"

ఆయన తెరిచి చూపించాడు. తుస్ అంది.

గౌరి దండం పెట్టి బయటపడింది. పక్కన జామకాయలమ్మే జగ్గమ్మ అంతా విని, పిలిచి చెప్పింది — "కోటబొమ్మాళి పోవే. స్టేషన్ రోడ్డు. గొడుగుల సినబాబు. ఆడు బాగుసెయ్యని వస్తువు నేదు. ఆడి నోరొక్కటే ఎవులూ బాగుసెయ్యనేరు."

మళ్ళీ ఆటో. పొద్దు నడినెత్తికి ఎక్కి, దిగడం మొదలెట్టింది.

చినబాబు దొరికాడు. రోడ్డు పక్కన ఒక రిక్షా — చక్రాలు లేవు, ఇటికల మీద నిలబెట్టి ఉంది — దాని సీటు మీద రాజులా కూచుని గొడుక్కి పుల్లేస్తున్నాడు. ఒకప్పుడు అదే రిక్షా తొక్కేవాడు. ఆటోలొచ్చాయి. రిక్షా ఆగింది. చినబాబు మాత్రం దిగలేదు.

"తాతా, ఇది పలకట్లేదు."

తీసుకున్నాడు. వాసన చూశాడు. మేకు పెట్టి కొట్టి రివిట్లు ఊడదీశాడు. విరిగిన స్ప్రింగు రెండు ముక్కలై అరచేతిలో పడింది. ఎర్రగా తుప్పు. తుప్పు మధ్యలో తెల్లగా, సన్నగా, మెరుస్తూ...

తన నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు! ఒలమ్మా! ఇంత ఉప్పు నా కూరలో కూడా ఉండదు. ఏటి సేత్తన్నారే దీంతో?"

గౌరి చెప్పింది. కొత్త వల. దారం కొస. అలలో ముంచడం. కడగకపోవడం.

"తుడవరా?"

"తుడవం."

"నూనె?"

"ఊహూ."

చినబాబు నెత్తి మీద చెయ్యేసుకుని, కడుపు పట్టుకుని, సీటు కిర్రు కిర్రుమనేలా నవ్వాడు. "ముద్దు పెట్టి పీక నొక్కినట్టుంది మీ యవ్వారం! దీన్ని ఇరగ్గొట్టింది నువ్వు కాదే పిల్లా. మీ పేమ."

గౌరి ఊపిరి ఒక్కసారి వదులైంది. పొద్దుట్నుంచీ మోస్తున్న రాయి ఏదో జారి స్టేషన్ రోడ్డు మీద పడిపోయింది. నేను కాదు... నేను కాదంట!

ఇంక చినబాబు మొదలెట్టాడు. తన గొప్పలు కూడా మొదలెట్టాడు. కలెక్టరు గొడుగు బాగుచేశానన్నాడు. ఏ కలెక్టరో చెప్పలేదు. రంపం బ్లేడు ముక్క ఒకటి తీసి అరగదీసి, పిడిలో బిగించి, "సూడు ఇస్ప్రింగు!" అని నాలుక లాగాడు.

పటక్. రంపం ముక్క ఎగిరి మురుక్కాలవలో పడింది.

"అది కంపెనీ తప్పు," అన్నాడు.

 చుట్టూ చూశాడు. తర్వాత కిందకి... తను కూచున్న సీటు కిందకి చూశాడు. అక్కడ కమాను. ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి, విల్లులా వంగి. ఇన్నేళ్ళూ కోటబొమ్మాళి జనాన్ని గుంతల్లోంచి కుదుపు లేకుండా దాటించిన కమాను.

చెయ్యి పెట్టి నిమిరాడు.

"దీని మీద ఎంతమంది పెల్లికూతుల్లు ఊగేరో తెల్సా? స్టేషన్లో దిగడం, ఏడుపు మొకాల్తో ఎక్కడం... ఇల్లొచ్చే సరికి నవ్వేసీవోరు. అలగుండీది ఊపు."

"వద్దులే తాతా. అది..."

"వద్దంతావేటి? ఇటికల మీద కూకుని ఎవుల్ని ఊపుతాది ఇది?"

అడుగున ఉన్న సన్నటి పట్టీ లాగేశాడు. లాగగానే సీటు ఒక పక్కకి ఒరిగిపోయింది, దాంతో పాటు చినబాబూ ఒరిగిపోయాడు. అలా ఒరిగే పని చేశాడు. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారబెట్టి, కోశాడు. ఆకురాయి — గరగర గరగర. గౌరి ఒక కొస పట్టుకుంది. మళ్ళీ బొగ్గులు, మళ్ళీ ఎరుపు, నువ్వుల నూనెలో చుయ్! పొగ. వీధి వీధంతా వేపుడు వాసన. మళ్ళీ సన్న సెగ మీద పెట్టి... చూడు, చూడు, అన్నాడు గుసగుసగా. ఉక్కు మీద ముందు గడ్డి రంగు వచ్చింది. తర్వాత వంకాయ రంగు. తర్వాత —

నీలం.

వల నీలం. సముద్రం నీలం. గౌరి అరిచినంత పని చేసింది.

బిగించాడు. లాగాడు. టాక్.

"సూసేవా!"

గౌరి కళ్ళు మూసుకుంది. "కాదు తాతా. ఇది కాదు. కొంచెం లావుగా ఉంది."

మళ్ళీ ఊడదీశాడు. మళ్ళీ గరగర. టిక్.

"ఊహూ... ఇప్పుడు సన్నమైపోయింది."

"ఏటే పిల్లా! సాకు బాగుసెయ్యమన్నావా, పాట కట్టమన్నావా?"

అని తిట్టాడు గానీ కళ్ళల్లో ఏదో వెలిగింది. ఇంతవరకూ చప్పుడు బాగుచెయ్యమని ఎవరూ అడగలేదు మరి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టారు. స్ప్రింగుని తాకే నాలుక మడమ కొంచెం అరగదీసి, విని, రివిటు కొంచెం బిగించి, విని, స్టేషన్లో రైలు వెళ్ళిపోయేదాకా ఆగి, విని —

టక్.

చింతగింజ. గచ్చు.

గౌరి గెంతింది! రోడ్డు మీద, గొడుగుల మధ్యలో, నిజంగా గెంతింది. చినబాబు ఒరిగిన సీటు మీంచి దిగి తనూ ఒక గెంతు వేశాడు. మోకాలు పట్టేసింది. అయినా ఇంకో గెంతు వేశాడు.

వెళ్ళేముందు వేలు చూపించి చెప్పాడు. "మల్లీ ఉప్పునీల్లలో ముంచీసి వొగ్గీసేవంటే, ఇది కూడా పోతాది. ఎప్పుడో ఓ రోజు పోతాది. ఇంకో పట్టీ లాగితే నా సీటే కూలిపోతాది, సెప్తన్నాను. ముంచకు. ముంచేవా, మంచినీల్లతో కడిగి నూనె రాయి."

దారంతా గౌరి గుప్పిట్లో చాకు వెచ్చగా ఉంది. ఉప్పు మళ్ళ మీద సాయంత్రం పడి, తెలుపంతా గులాబీ అయింది.

ఇంట్లో అంతా చెప్పింది. ఒక్క పొల్లు వదల్లేదు. గురమ్మ చాకు చెవి దగ్గర పెట్టుకుని తెరిచింది, మూసింది, తెరిచింది. ముడతల్లోంచి నవ్వు పాకింది. ఉప్పు సంగతి వినగానే ఆ నవ్వు ఆగింది.

"కడుగుతారా?" అంది. "సముద్రాన్నా?"

"మరి విరిగిపోతుంది కదా నానమ్మా."

గురమ్మ అలల వైపు చూసింది. తర్వాత చాకు మడిచి, గౌరి చేతిలో పెట్టి, ఆ చెయ్యి మూసేసింది.

"నాను సెప్పను. ఇప్పుడు నీది."

తెల్లారింది.

ఒడ్డు నిండా జనం. బోటు ముక్కుకి పసుపు. నీలం వల ఇసక మీద పరుచుకుని... దాని మీద మొదటి ఎండ. అసిరయ్య ఈ చెవి ఆ చెవి దాకా నవ్వుతున్నాడు, "ఏడవకే" అంటున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నది మాత్రం తనే. గౌరి చెయ్యి పైకెత్తింది. గాలి నిజంగానే జుట్టు ఎగరేసింది.

టక్!

ఒడ్డు చివర నిలబడ్డ పిల్లలకి కూడా వినపడింది. కోటబొమ్మాళి పెళ్ళికూతుళ్ళందరూ ఒక్కసారి నవ్వినట్టు వినపడింది. దారం తెగింది. కేకలు, ఈలలు, గురమ్మ రెండు చేతులూ ఆకాశంలోకి.

ఇంక మిగిలింది ఒక్కటే.

గౌరి నీళ్ళలోకి నడిచింది. అల వచ్చి పాదాలు తడిపింది. కుడిచేతిలో చాకు — కొమ్ము పిడి తాతది, చప్పుడు నానమ్మది, లోపలి నీలం చినబాబుది. ఎడమ గుప్పిట్లో, ఎవరికీ కనపడకుండా, కొబ్బరినూనె సీసా. చిన్నది.

వెనక అందరూ చూస్తున్నారు. గురమ్మ మాత్రం కావాలనే అటు తిరిగింది.

ఇంకో అల లేచింది. దగ్గరికి వస్తోంది. తెల్లటి అంచు... ఉప్పు వాసన...

వినండి.

అల. దాని వెనకాల ఇంకో అల.

మీరైతే ముంచి, ఉప్పు ఆరనిచ్చేవారా? ముంచి, కడిగి నూనె రాసేవారా? అసలు ముంచకుండానే వెనక్కి తిరిగేవారా?

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?