గయ్యాళమ్మ ఇంటి హద్దులు

నోరున్నవాడిదే రాజ్యం అంటారు. మా అత్తకు నోరు లేదు, కాబట్టి ఇల్లూ లేదని పెదనాన్న తేల్చేశాడు.

అత్త అంటే పెదనాన్నకూ మా నాన్నకూ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. బట్టలు కుట్టుకుంటూ, పుట్టిన దగ్గర్నుంచీ ఆ రెండు గదుల ఇంట్లోనే ఉంది. వాళ్ల నాయనమ్మ, అంటే మా తాతమ్మ, ఆ ఇల్లు నా మనవరాలికే అని విల్లు కూడా రాసి పోయింది. పెదనాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇల్లు తాతదైతే నాయనమ్మ ఎలా రాస్తుంది, తాత ఆస్తి మగపిల్లలదే, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. అత్త సరే అనబోయింది. నేనే చెయ్యి పట్టుకుని రికార్డుల ఆఫీసుకు లాక్కెళ్లాను.

గుమాస్తా పాత రిజిస్టరు తెరిచాడు. తాతమ్మ దస్తావేజు ఉండాల్సిన పేజీని చెదలు తినేశాయి. చెదలకు మంచి కాగితమే రుచిస్తుందని ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఏ దస్తావేజులోనైనా నాలుగు హద్దులు రాయాల్సిందే. మన కాగితం పోయినా పొరుగువాళ్ల కాగితాల్లో మనం హద్దుగా మిగులుతాం. చుట్టుపక్కల నాలుగిళ్ల దస్తావేజులూ తీయించాను.

తూర్పింటి వాళ్ల కాగితంలో, "పడమర: గయ్యాళమ్మ సొంత ఇల్లు" అని ఉంది. పడమటింటి వాళ్లది ఇంకాస్త వివరంగా ఉంది: "తూర్పు: గయ్యాళమ్మ గోడ. కొలవనివ్వలేదు. దూరం నుంచి చూసి రాశాము." మిగతా రెండింట్లోనూ ఆవిడే. ఆ కాగితాలు రాసేనాటికి ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి తాతమ్మ ఒక్కతే. పెదనాన్న చెప్పిన తాత ఊసు ఎక్కడా లేదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అభ్యంతరం ఉంటే చెప్పుకోమని గుమాస్తా పెదనాన్నకు కబురు పెట్టాడు. పెదనాన్న తాతమ్మ ఫోటో చంకలో పెట్టుకుని వచ్చాడు. మా నాయనమ్మ నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి, ఆ గయ్యాళి ఇంకెవరో అన్నాడు. ఆ మాట మా ఇంట్లో అందరం అనేదే. చచ్చినవాళ్ల కళ్లు చారెడన్నట్టు, ఆవిడ పోయాక మావాళ్లే ఆవిణ్ణి సాధువును చేసి పెట్టారు.

గుమాస్తా నిబంధనల పుస్తకం తీశాడు. యజమాని పేరు బదులు జనం పిలిచే పేరే రాసి ఉంటే, ఆ గుణం వారసుల్లో కనబడాలట. పోయినేడు "పొడుగాయన" మనవణ్ణి గుమ్మానికి ఆనించి కొలిచారట. "నవ్వులాయన" వారసులు అధికారి ముందు నవ్వు రాక మేడ పోగొట్టుకున్నారట.

"రేపు పదకొండింటికి వచ్చి అరవండి. రాసుకోవడానికి నేనుంటాను," అన్నాడు.

సాయంత్రమంతా కూర్చుని అత్తకు తిట్లు నేర్పాను. పాలు తాగిపోయే పిల్లిని కూడా "వెళ్లొస్తావా అమ్మా" అని సాగనంపే మనిషి. "నీ మొహం మండా" అనమంటే, "మండితే నొప్పి పుట్టదూ?" అంది.

మర్నాడు పెదనాన్న కూడా వచ్చి కూర్చున్నాక, గుమాస్తా గడియారం చూసి, కానివ్వండి అన్నాడు. అత్త గొంతు సవరించుకుంది. ఏమండీ, మీకు బుద్ధి కాస్త తక్కువేమో అని, వెంటనే క్షమించమంది. గుమాస్తా పెన్నుకు మూత పెట్టేశాడు.

అక్కడితో ఊరుకుంటే పెదనాన్న గెలిచేవాడు. ఊరుకోలేదు. మా వంశంలో గయ్యాళులు లేరని బల్ల గుద్దాడు. గుమాస్తాను "మీరు" నుంచి "నువ్వు"కు, అక్కణ్ణుంచి "ఒరే"కు దించాడు. అతని తాతముత్తాతల్ని తలుచుకున్నాడు. అత్తనీ, నన్నూ, చెదపురుగుల్నీ కలిపి దులిపేశాడు. పక్క గదిలో పని ఆగిపోయి అందరూ గుమ్మంలోకి వచ్చారు. అరగంటకు ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, గుమాస్తా పెన్ను మూత తీసి, "వంశంలో గుణం కనబడింది. రుజువైనది," అని పైకి చదువుతూ రాశాడు.

పెదనాన్న కుర్చీలో కూలబడ్డాడు. అబద్ధమెందుకు, నాకు జాలేసింది.

ఇక కొత్త హక్కుదారు పేరు ఎక్కించాలి. పాత పద్ధతిలోనే ఉండాలంటూ గుమాస్తా అత్తను ఎగాదిగా చూసి "నోరులేనమ్మ" అని రాశాడు. అత్త రిజిస్టరు తన వైపు తిప్పుకుని చదివింది. అతని చేతిలో పెన్ను తీసుకుని, ఆ మాట కొట్టేసి, "గయ్యాళమ్మ మనవరాలు" అని రాసింది. అలా రాయడానికి వీల్లేదని, ఆ గుణం ఆమెలో ఉన్నట్టు రుజువు లేదని గుమాస్తా అన్నాడు.

అత్త లేచి నిలబడింది.

"మా అన్నయ్య అరగంట అరిస్తే రాసుకున్నావు. నలభై ఏళ్లుగా నేను ఊడ్చుకుంటున్న ఇంటికి నీకు ఇంకా రుజువు కావాలా? వెయ్యి ముద్ర."

గొంతేమీ పెద్దది కాదు. గుమాస్తా ముద్ర వేశాడు. పెదనాన్న లేచి కుర్చీ పక్కకు జరిపి, అత్తకు దారిచ్చాడు.