పిట్టల దిబ్బ మీద తుమ్మ పుల్లలు

మొదటి లారీ దిబ్బ ఎక్కినప్పుడు నేను అక్కడే ఉన్నాను బిడ్డలూ. చక్రం కింద గుడ్లు చిట్లిన చప్పుడు మనుషులకు వినిపించలేదు. పిట్టలు మాత్రం గోలగా అరుస్తూ లేచాయి.

కాళేశ్వరానికి దిగువన, గోదావరి నడుమ ఇసుక దిబ్బ అది. మా అత్త కాపురానికి వచ్చిన ఏడు వరద పోసి పోయిందట. ఎండాకాలం మేం అక్కడ దోస, పుచ్చ పెట్టేవాళ్ళం. నల్ల నెత్తి, పసుపు ముక్కు పిట్టలు ఇసుకలోనే గుడ్లు పెట్టేవి. గుడ్డు కనిపిస్తే పక్కన తుమ్మ పుల్ల గుచ్చాలి. పుల్ల ఉన్నచోట అడుగు పడకూడదు. మా అత్త నేర్పిన చట్టం అదే.

కాంట్రాక్టరు కన్ను ఇసుక మీద పడిందని తెలిసి, పిట్టలను కాపాడమని నిరుడు మేమే ఒక అడవి శాఖ ఆఫీసరును పిలుచుకొచ్చాం. ప్రతి పుల్లా చూపించాం. నెల తిరిగేసరికి బోర్డు పాతారు: పక్షుల చోటు, మనుషులు రాకూడదు. మా దోస తీగలు పీకేశారు. ఈ ఏడు పూడికతీత పేరుతో లారీలు దిగాయి.

మా కోడలు రామి లారీల సూపర్‌వైజరును నిలదీసింది. "ఏందయ్యా, మేం పోతే పిట్టలు బెదురుతయి, లారీ పోతే జోల పాడినట్టుంటదా?"

"మాకు కాయితం ఉన్నది. మీకేమున్నది?"

రేవులో అందరం కూడాం. చేపలు పట్టే పౌలు తల పట్టుకున్నాడు. "మనమే చూపిస్తిమి గదనే అవ్వా!"

"పిట్టల కోసం జైలుకు పోతమా?" అంది పక్కింటి కాళి.

"గా పిట్టలను ఎల్లగొట్టినోడే నిన్నూ ఎల్లగొట్టిండు గదనే!" అంది రామి.

కాళి లేచింది. కొంగు బిగించి ముందు నడిచింది.

దిబ్బ మీద గుడ్డు కనిపించిన చోటల్లా పుల్ల గుచ్చి, నలభై మందిమి ఒక్కో పుల్ల పక్కన కూర్చున్నాం. లారీలు ఆగాయి. కానీ మా మందను చూసి పిట్టలూ దిగలేదు. పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరిచే పిట్టలవి. మధ్యాహ్నానికి గుడ్లు కాలే రాళ్ళయ్యాయి. కాపాడబోయి మేమే చంపుకున్నాం. రామి ఒక గుడ్డు చేతిలో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడే పోలీసులు వచ్చి మమ్మల్ని ఈడ్చుకుపోయారు. ఎవరి పుల్ల వాళ్ళ పిడికిట్లోనే ఉండిపోయింది.

ఠాణాలో కొత్త గదికని పోసిన ఇసుక కుప్ప పక్కన కూర్చోబెట్టారు. అందులో మా పిట్టల గుడ్ల మచ్చల పెంకు ముక్కలు. దిబ్బ ఇక మిగలదని అందరికీ అర్థమైంది.

కాళి తన పుల్లను కుప్పలో గుచ్చింది. కానిస్టేబుల్ పీకి పారేశాడు. పౌలు ఇంకొకటి గుచ్చాడు. అదీ పీకాడు. నేను గుచ్చాను.

"ఏం పిచ్చి ముసల్దానివే! ఈడ గుడ్లున్నయా, పిట్టలున్నయా?"

"లేవు నాయినా. అయినా జర జూసి నడువు. పుల్ల ఉన్న తాన అడుగు వెయ్యొద్దు."

నా వెనక పిడికిళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, పుల్లలు ఇసుకలో దిగాయి.