పిచ్చుక ఎంచుకున్న యజమాని

ఆ రవాణా కంపెనీలో ఆ రోజు కొత్త డ్రైవర్లను చేర్చుకుంటున్నారు. ఆఫీసు గది చల్లగా ఉంది. గోడలకు వేసిన రంగు వాసన ఇంకా పోలేదు. వచ్చినవాళ్ళకు మెత్తటి కుర్చీలు వేసి టీ ఇచ్చారు. అద్దాల కిటికీలోంచి చూస్తే గేటు పక్కన కొత్త లారీ ఒకటి తళతళలాడుతోంది. మేనేజరు ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి భుజం తట్టి, ఇక మనమంతా ఒకే కుటుంబం అంటున్నాడు. అలా అంటూనే చెయ్యి చాపుతున్నాడు. కొత్త డ్రైవరు తన లైసెన్సు తీసి ఆ చేతిలో పెడుతున్నాడు. అది బల్ల సొరుగులోకి వెళ్ళిపోతోంది. దారిలో చూపించుకోవడానికి నకలు ఇస్తామనీ, అసలుది తమ దగ్గరే భద్రంగా ఉంటుందనీ మేనేజరు నవ్వుతూ చెబుతున్నాడు. కొత్తవాళ్ళూ నవ్వుతున్నారు. ఇందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు. ఆ వరుసలో మీరో నేనో ఉన్నా మనకూ తోచేది కాదేమో. పని ఇచ్చే చేతిని ప్రశ్నించడం మనకు ఎవరూ నేర్పలేదు.

వరుసలో చివర నిలబడ్డ అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. డ్రైవింగు స్కూల్లో మొదటి రోజు లారీ మెట్టు కాలికి అందక ఆమె ఎగిరి పిడి పట్టుకుంటే, నేర్పే మాస్టారు పెట్టిన పేరది. అంతకుముందు ఆమె బట్టల కొట్లో తానులు మడతపెట్టేది. సరుకు దించడానికి వచ్చే లారీలు ఇరుకు సందులో వెనక్కి తిరగడం చూసినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. తానూ ఆ బండి నడుపుతానని ఇంట్లో చెప్పినప్పుడు అన్న మొదట నవ్వాడు, తరువాత కోప్పడ్డాడు, చివరికి వదిన పోరు పడలేక సరేనన్నాడు. పెద్ద బండి లైసెన్సు చేతికొచ్చాక అసలు కష్టం మొదలైంది. అనుభవం లేని డ్రైవరు, పైగా ఆడపిల్ల. ఎక్కడికి వెళ్ళినా తరువాత చూద్దాం అన్నవాళ్ళే. అలాంటి సమయంలో ఇంత పెద్ద కంపెనీ రమ్మంటే ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. తన లైసెన్సు కూడా ఆ చేతిలో పెట్టేసింది.

ఇంటికి వచ్చి చెబితే అన్న పొంగిపోయాడు. వదిన మాత్రం చేతిలో పని ఆపకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. గేటు దగ్గరున్న లారీయే ఇస్తారా, వేరేది ఇస్తారా? అక్కడి పాత డ్రైవర్లతో మాట్లాడావా? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు?

"అన్నయ్యను చేసుకునేటప్పుడు కూడా నువ్వు ఇన్ని అడగలేదు వదినా" అంది పిచ్చుక.

"అడగకే ఇలా ఉన్నాను" అంది వదిన. అన్న వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

వదిన నవ్వుతూనే అంది గాని ఆమె మనసులో వేరే సంగతి ఉంది. ఆమె ఆసుపత్రిలో ఎముకల వార్డులో ఆయా. ఆ కంపెనీ డ్రైవర్లు తన వార్డుకు తరచూ వస్తున్నారనీ, వాళ్ళను చూడటానికి కంపెనీ నుంచి ఒక్కరూ రావడం లేదనీ ఆమెకు తెలుసు. ఆ మాట మెల్లగా చెప్పింది. సంతోషంలో ఉన్న మనిషికి ఇలాంటివి చెవికెక్కవు. అందరూ నా మంచి చెడగొట్టేవాళ్ళే అనుకుని పిచ్చుక ముఖం తిప్పుకుంది.

యార్డులో అడుగుపెట్టాక ఒక్కొక్కటీ తెలిసివచ్చింది. గేటు దగ్గరి కొత్త లారీని ఎవరూ నడపరు. అది చూడటానికే. లోపలున్నవన్నీ అరిగిన టైర్ల బండ్లు. విశ్రాంతి గదికి తాళం. డ్రైవర్లు లారీల నీడలో, చక్రాల పక్కనే పడుకుంటారు. పిచ్చుకను కొన్నాళ్ళు ఒక పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఆయన అవసరమైతే తప్ప నోరు విప్పడు గనక మౌని అని పేరు పడింది. ఆమె మాత్రం బాబాయ్ అని పిలిచేది. స్టీరింగు ముందు ఆయనంత నెమ్మదైన మనిషిని ఆమె చూడలేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఎందుకున్నారని అడిగితే, లైసెన్సు సొరుగులో ఉంది గదా అన్నాడు. అంతకన్నా చెప్పలేదు.

ఒక ఉదయం మేనేజరు ఆమెకు తాళంచెవి ఇచ్చి ఒంటరిగా వెళ్ళమన్నాడు. సిమెంటు బస్తాల లోడు. కొండ దిగి, ఊరి మధ్యలో బడి పక్కనుంచి వెళ్ళాలి. పిచ్చుక ఇంజను స్టార్టు చేసి, మాస్టారు నేర్పినట్టు బ్రేకు తొక్కి చూసింది. కింద ఎక్కడో బుస్సుమని గాలి పోతున్న చప్పుడు. ముందున్న మీటరులో ముల్లు కిందికి జారిపోతోంది. ఆ గాలి నిండా ఉంటేనే లారీ ఆగుతుంది. ఆమె దిగి మేనేజరు దగ్గరికి వెళ్ళి, బాగుచేయిస్తే వెంటనే బయలుదేరుతానని చెప్పింది. ఆయన నవ్వి, ఆ బండి ఎప్పుడూ అంతేనని, అందరూ అలాగే నడుపుతున్నారని, సర్దుకుపొమ్మని అన్నాడు. ఆమె కదలలేదు. ఆయన నవ్వు పోయింది.

"చూడు తల్లీ, నిన్ను ఎవరూ తీసుకోకపోతే జాలిపడి మేం తీసుకున్నాం. ఇప్పుడు నువ్వు వెళ్ళనంటే లైసెన్సు మా దగ్గరే ఉంటుంది. ఏం నడుపుకుంటావో చూస్తాను."

డ్రైవర్లందరూ అటే చూస్తున్నారు. పిచ్చుకకు ఇంట్లో అన్న ముఖం గుర్తొచ్చింది, బట్టల కొట్టు గుర్తొచ్చింది. తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కి కూర్చుంటే చాలు, ఈ క్షణం గడిచిపోతుంది. కాని కొండ కింద బడి గోడ కూడా ఆమెకు కళ్ళ ముందు కనిపించింది.

"జాలితో ఇచ్చిన పనే అయినా, సార్, ఆ కొండ దిగువన ఉన్న పిల్లలకు ఆ సంగతి తెలియదు. బండి ఆగదని తెలిసి నేను ఎక్కను" అంది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి గేటు దాటి వచ్చేసింది. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు రోడ్డు మీదికొచ్చాక వచ్చింది.

మరునాడు వదిన సెలవు పెట్టి, మరదలిని వెంటబెట్టుకుని లైసెన్సులిచ్చే ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారిణి సంగతంతా విని, అది డ్రైవరు సొత్తు, కంపెనీకి దాచుకునే హక్కు లేదని చెప్పి, వాళ్ళ ముందే మేనేజరుకు ఫోన్ చేసింది. మనిషి చేత పంపిస్తారా, మమ్మల్ని రమ్మంటారా అని ఒక్క ప్రశ్న అడిగింది. మధ్యాహ్నానికల్లా లైసెన్సు పిచ్చుక చేతిలో ఉంది. ఇంత తేలిగ్గా వచ్చేదాని కోసం మౌని బాబాయి అన్నేళ్ళు ఆ యార్డులో పడి ఉన్నాడే అని ఆమె మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రమే ఆయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు.

మళ్ళీ పనివేట మొదలైంది. వచ్చిన పని వదులుకుని ఇంకో పని ఏరుకోవడం మనలాంటివాళ్ళకు కుదిరే సంగతేనా అని అన్న విసుక్కున్నాడు. దానికి పిచ్చుక దగ్గర ఇంకా జవాబు లేదు. కాని ఈసారి ఆమె ఆఫీసు గదుల్లోకి ముందు వెళ్ళలేదు. యార్డు బయట టీ బండి దగ్గర నిలబడి, వచ్చిపోయే డ్రైవర్లతో మాట కలిపేది. ఎన్నాళ్ళుగా చేస్తున్నారు, నిద్ర వస్తోందంటే ఏమంటారు, ఈమధ్య ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని అడిగేది. ఒకచోట కాపలావాడు ఆమెను పోటీ కంపెనీ గూఢచారి అనుకుని పెద్ద రోడ్డు దాకా తరిమాడు. ఇంకోచోట డ్రైవర్లు యజమాని పేరెత్తగానే అటూ ఇటూ చూసి గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ చూపులే ఆమెకు సమాధానం చెప్పాయి. లోపలికి వెళ్ళకుండానే వెనక్కి వచ్చేసింది.

చివరికి ఊరి చివర ఒక చిన్న కంపెనీ. గేటు రంగు పోయింది. బోర్డు మీద అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి. కాని టీ తాగుతున్న డ్రైవర్లు యజమానురాలి గురించి గట్టిగానే మాట్లాడుతున్నారు. చాదస్తం ఎక్కువని, టైర్లు చూడనిదే బండి వదలదని, ఆవిడ పెట్టే టీ మాత్రం నోట పెట్టలేమని నవ్వుకుంటున్నారు. యజమానిని ఇంత ధైర్యంగా ఆడిపోసుకుంటున్న డ్రైవర్లను పిచ్చుక మొదటిసారి చూసింది. నేరుగా లోపలికి వెళ్ళింది.

అందరూ పెద్దక్క అని పిలిచే ఆ యజమానురాలు నెరిసిన జుట్టుతో, గ్రీజు మరకల చేతులతో షెడ్డులోనే ఉంది. పిచ్చుక తన ప్రశ్నలన్నీ అడిగింది. లైసెన్సు ఎవరి దగ్గర ఉండాలి? కొత్తవాళ్ళకు ఎవరు నేర్పుతారు? బండి బాగాలేదని నేనంటే ఏం చేస్తారు? ఆ చివరి ప్రశ్నకు పెద్దక్క తాను జవాబు చెప్పకుండా, లారీ కింద పడుకుని పని చేస్తున్న మెకానిక్‌ను అడగమంది. అతను తల బయటికి పెట్టి, నేను వద్దన్నా, డ్రైవరు వద్దన్నా బండి కదలదు, పెద్దక్క అరుస్తుంది గాని మేం పట్టించుకోం అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దక్క కాదనలేదు.

తరువాత ఆవిడ వంతు వచ్చింది. "ఇంతకుముందు చేసిన పని ఎందుకు మానేశావమ్మా?"

పిచ్చుక భయపడింది. అనారోగ్యమనో దూరమనో చెప్పవచ్చు. కాని అబద్ధంతో మొదలుపెట్టే పని ఇక వద్దనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దక్క విని చేతులు తుడుచుకుంది.

"నడపడం మేం నేర్పుతాం. నడపనని చెప్పడం మేం నేర్పలేం. అది నీ దగ్గర ఉంది. రేపట్నించి రా."

ఆ ఏడాదంతా పిచ్చుక అనుభవం ఉన్న డ్రైవర్ల పక్కన కూర్చుని వానలో, ఎండలో, కొండల్లో బండి నడపడం నేర్చుకుంది. ఒంటరిగా వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో ఒక ఉదయం కొండ దారిలో పొగమంచు కమ్మేసింది. ముందున్న రోడ్డు కనిపించడం లేదు. ఆమె బండి పక్కకు ఆపి, తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ చేసింది. పెద్దక్క తిట్టలేదు. సరుకు కోసం ఎదురుచూసేవాళ్ళతో తాను మాట్లాడుకుంటానంది. మంచు విడిచాక ఆమె సరుకు దించింది. ఆలస్యమైందని వాళ్ళు గొణిగినా, తరువాత పెట్టెలు విప్పి ఒక్కటీ పగల్లేదని చూసుకున్నాక, తమ సరుకంతా ఆమెకే ఇమ్మని కబురు పంపారు. ఆ రోజు వదిన వార్డులో అందరికీ మిఠాయి పంచింది. అన్న వీధిలో కనిపించినవాళ్ళనల్లా ఆపి, మా చెల్లెలు లారీ డ్రైవరని చెప్పుకున్నాడు.

ఇంతకన్నా పెద్ద సంగతి పాత యార్డులో జరిగింది. పిచ్చుక ఫోన్‌లో చెప్పిన మాటను మౌని ఎన్నో రోజులు మనసులో తిప్పుకున్నాడు. తరువాత ఒక్కొక్క డ్రైవరుకూ చెప్పాడు. నోరు విప్పని మనిషి చెప్పడం వల్లనేమో, అందరూ విన్నారు. ఒక పొద్దున వాళ్ళంతా కలిసి మేనేజరు గదిలోకి వెళ్ళారు. లైసెన్సులు తిరిగివ్వాలన్నారు, బ్రేకులు బాగుచెయ్యాలన్నారు, విశ్రాంతి గది తాళం తియ్యాలన్నారు. అంతవరకూ ఒక్క బండీ కదలలేదు. సాయంత్రానికి సొరుగు ఖాళీ అయింది. వారం తిరక్కుండా లారీలు ఒక్కొక్కటీ మరమ్మతుకు షెడ్డులోకి వెళ్ళాయి. ఆ వార్త తెలిసినప్పుడు పిచ్చుక రోడ్డు మీద ఉంది. బండి ఆపుకుని కాసేపు ఊరికే నవ్వుకుంది.

ఈ మధ్య డ్రైవింగు స్కూలు మాస్టారు ఆమెను పిలిపించారు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు గది నిండా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో కొందరు ఆడపిల్లలు. బండి నడపడం వీళ్ళకు నేను నేర్పాను, మిగతాది నువ్వు చెప్పు అన్నారాయన. పిచ్చుకకు ఉపన్యాసాలు రావు. తనకు జరిగిందంతా చెప్పుకొచ్చింది. చివర ఒకతను లేచి, మాకు పని ఇవ్వడమే గొప్ప కదా, మేం ఎంచుకోవడమేమిటి అని అడిగాడు. ఒకప్పుడు అన్న అడిగిన మాటే అది. ఈసారి జవాబు ఆమె దగ్గర ఉంది.

"మీరు లేకపోతే వాళ్ళ సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది. కాబట్టి మీకు పని ఇవ్వడం వాళ్ళు చేసే దానం కాదు. చేరే ముందు అక్కడి డ్రైవర్లను అడగండి, బండ్లు చూడండి, ప్రశ్నలు అడగండి. ప్రశ్న అడిగితే కోపం తెచ్చుకునే చోట ఆ రోజే వెనక్కి తిరగండి. మీ ప్రాణం, రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళ ప్రాణం మీ చేతుల్లో పెడుతున్నారు. ఆ చేతులకు విలువ ఇచ్చే యజమానిని వెతుక్కోవడం మీ హక్కు, మీరు నేర్చుకోవాల్సిన మొదటి పని కూడా అదే."