ఆముదం బొట్టు

"కారు ముక్కలు నానేసెతందుకు కరీంనగరంల ఇంకో గిన్నె దొరకలేదా అత్తా? నా తాంబాళమే కావాల్నా?" అని నర్మద మళ్లీ మొదలుపెట్టింది.

పొద్దుటి నుంచీ అదే పంచాయితీ. అది ఆమె పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి తాంబాళం. మరిది కొండల్ దాన్ని ఇంటి వెనక షెడ్డుకు ఎత్తుకుపోయి, గాసునూనె పోసి, అందులో ఇంజనులోని రెండు పండ్ల చక్రాలు వేశాడు. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరుస్తుందని అత్త కమలవ్వ సర్దిచెప్పింది. తోమేదెవరని నర్మద అడిగింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న చిన్నకోడలు అనసూర్య, తానే తోముతానంది. తాంబాళం తీసి ఇచ్చింది కూడా తానేనని, వెడల్పు గిన్నె కావాలని మొగుడు తొందర పెడితే అక్కను అడగడం మరిచిపోయానని నొచ్చుకుంది.

నర్మదకు అక్కడే మండింది. తాంబాళానికి కాదు. కొండల్ అడిగాడు, అనసూర్య ఇచ్చింది. ఆ చక్రాలు ఎందుకు నానుతున్నాయో వాళ్లిద్దరికీ తెలుసు.

ఆ రిపేరు షెడ్డు మామ హనుమంతు పెట్టింది. ఆయన పోయాక నర్మద భర్త అంబదాస్ నడుపుతున్నాడు. కాపురానికి వచ్చి పిల్లలు బడికి పోయే వయసు వచ్చినా, ఇవాళ ఏం పని చేశావని భర్తను అడిగితే నర్మదకు దొరికిన జవాబు ఒక్కటే: ఇనుప పని, నీకేం సమజైతది. ఆదిలాబాదు లారీ డ్రైవరు బిడ్డ అనసూర్య మొన్న మొన్న వచ్చింది. ఆమెను కొండల్ షెడ్డులోకి పిలుస్తాడు, పానా అందుకొమ్మంటాడు, దీపం పట్టమంటాడు. పట్టుకున్నందుకు దేన్ని పట్టుకున్నదో చెబుతాడు.

మంథని వకీలు సాబు హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కారు కొని, ఇంజను మొత్తం విప్పి బాగుచేయమని వీళ్లకు అప్పజెప్పాడు. అప్పటిదాకా లారీలకు, బస్సులకు పనిచేసిన షెడ్డుకు మొదటి కారు అదే. విప్పి చూస్తే లోపలి గొలుసు సాగి వేలాడుతోంది. అది తగులుకునే చక్రాల పండ్లు కొడవలి కొనల్లా వంగి అరిగాయి. గొలుసు మారిస్తే చాలని అంబదాస్ అన్నాడు. కొత్త గొలుసును పాత పండ్లకు తగిలిస్తే నెల తిరక్కముందే అదీ సాగుతుందని, చక్రాలూ, గొలుసును బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగూ అన్నీ మార్చాల్సిందేనని కొండల్ అన్నాడు. వకీలు కొండల్ మాటే విన్నాడు. ఆ సాయంత్రం అంబదాస్ అన్నం ముందు కూర్చుని సగంలోనే లేచాడు. ఎందుకని నర్మద అడిగితే ఏమీ లేదన్నాడు.

ఆ ఏమీ లేనిది ఏమిటో ఆమె తలుపు చాటు నుంచి వినవలసి వచ్చింది. వాకిట్లో కొండల్ రెండు మూతలు, ఒక దారం ముందు పెట్టుకుని పెళ్లానికి చెబుతున్నాడు. కింది చక్రం రెండు చుట్లు తిరిగితే పైది ఒక చుట్టు తిరుగుతుందట. గాలి లోపలికి వచ్చే తలుపులు, పొగ బయటికి పోయే తలుపులు వేళకు తెరుచుకోవాలంటే రెండు చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా ఉండగా గొలుసు వేయాలట. అనసూర్య దారం లాగి చూసి, గుర్తు తప్పితే ఏమవుతుందని అడిగింది. కొండల్ నవ్వి, నీకు నాకు పడనట్టు దానికి దానికి పడదన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తన మొగుడు ఏనాడన్నా తన ముందు ఒక దారం ముక్క పట్టుకుని కూర్చున్నాడా?

హైదరాబాదు నుంచి గొలుసు కొత్తది వచ్చింది. చక్రాలు మాత్రం వాడినవే దొరికాయి, తాంబాళంలో నానేసింది వాటినే. పండ్లు గట్టిగానే ఉన్నాయి కానీ వాటి మీద కొట్టిన చుక్కలు అరిగి ఆనవాలు లేవు. గురువారం కొండల్ ఇంజన్ను చేత్తో తిప్పి తిప్పి, చక్రాలు ఎట్లా ఎదురుపడాలో తేల్చుకున్నాడు. గుర్తు పెట్టడానికి రంగు లేదు, సుద్ద నూనెలో నిలవదు. అనసూర్య ఆముదంలో కుంకుమ కలిపి తెచ్చి, అతను చూపించిన చోట ఒక్కో చక్రానికి ఒక్కో బొట్టు పెట్టింది. స్ప్రింగు ఇంకా రాలేదు కనుక చక్రాలను విప్పి, తుడిచిన తాంబాళంలో పెట్టి ఉంచారు.

ఇదంతా నర్మదకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం షెడ్డు గడపకు పసుపు రాసి, పనిముట్లకు బొట్టు పెట్టడం ఆ ఇంట్లో పెద్దకోడలి వంతు. భర్త పోయాక కమలవ్వ కుంకుమ భరిణె నర్మద చేతిలో పెట్టి, ఇగ ఇది నీ పని అంది. షెడ్డులో నర్మదకు ఉన్న హక్కు అదొక్కటే. ఆ పొద్దు భరిణె పట్టుకుని లోపలికి పోయేసరికి తన తాంబాళంలో, తనకంటే ముందే, చక్రాలకు బొట్లు ఉన్నాయి.

ఎవరు పెట్టారో ఆలోచించనక్కర లేదు. పానాలు అందించింది చాలక ఇది కూడా కావలసి వచ్చిందా దీనికి అనుకుంది. కొంగుతో ఆ బొట్లు గట్టిగా తుడిచింది. వేలు తడిచేసి, పైకి కనబడుతున్న చోట తన బొట్టు పెట్టింది.

శనివారం కొండల్ స్ప్రింగు కోసం బస్సుల అడ్డాకు పోయాడు. బొట్టుకు బొట్టు ఎదురుగా పెట్టమని అన్నకు చెప్పిపోయాడు. అంబదాస్ అట్లాగే పెట్టి గొలుసు వేశాడు. తమ్ముడు వచ్చేసరికి నూనె కారి బొట్ల రూపు చెదిరింది. ఎదురెదురుగా ఉన్నాయా లేదా అన్నదే చూసి, కొండల్ స్ప్రింగు బిగించి మూత పెట్టాడు. మిగతా సామాను కూడా బిగించి సాయంత్రం హ్యాండిల్ తిప్పితే ఇంజను ఫట్ ఫట్మని దగ్గి, వెనక్కి తన్ని, పొగ కక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే గుర్తు తప్పి, తలుపులను తెరిచే కడ్డీలు రెండు వంగిపోయాయి.

"ఏందిరా తమ్మి, అన్నీ మార్చాలంటివి. మార్చినంక గిదా?" అన్నాడు అంబదాస్.

కొండల్ మొహం నల్లబడింది. అందరి ముందూ అనసూర్య వైపు తిరిగి, "నేను చూపెట్టింది ఏడ? నువ్వు పెట్టింది ఏడ?" అన్నాడు.

నర్మద వంటింటి గడపలో నిలబడి విన్నది. ఇన్నాళ్లూ ఏం కోరుకున్నదో అది అయింది. అనసూర్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నర్మద సంతోషం ఒక్క క్షణమే, ఆ వెంటనే తాను శుక్రవారం తుడిచిన బొట్లు గుర్తొచ్చాయి.

ఆదివారం అనసూర్య బావి దగ్గర తాంబాళం ముందేసుకుని చక్రాలు కడిగింది. ఒక చక్రం మీద చాలాసేపు వేలు పెట్టి చూసింది. పండ్ల సందున, తుడిచినా పోకుండా, ఎర్రటి జిడ్డు మిగిలి ఉంది. బొట్టు పెట్టి ఉన్నది అక్కడ కాదు, నాలుగు పండ్ల అవతల. పక్కనే నర్మద బట్టలు ఉతుకుతోంది. ఆమె ఉతుకుతున్న చీర కొంగున అదే ఎరుపు.

అనసూర్య ఆ మరకనే చూస్తూ మెల్లగా అంది: "అక్కా, ఆముదం మరక సబ్బుకు పోదు. చౌడు మన్ను రుద్ది నానెయ్యి."

చక్రాన్ని తాంబాళంలో పెట్టి లేచిపోయింది. తిట్టినా బాగుండేది. తప్పు పట్టుకుని కూడా దాచిపెట్టే ఆ పెద్దమనిషితనం తనకు లేదే అని, అది కూడా దీనికే దొరికిందే అని, నర్మద గుండె మళ్లీ భగ్గుమంది. చౌడు రుద్దలేదు. మరక మరకగానే చీర ఆరేసింది.

ఆ సాయంత్రం అన్నాలప్పుడు అంబదాస్ తల్లి వైపు చూసి, "అవ్వా, ఇగ రేపటి సంది ఆడోళ్లు ఎవ్వలు షెడ్డు కడప తొక్కొద్దు. బొట్టు వద్దు, గుర్తు వద్దు," అన్నాడు. అనసూర్య మజ్జిగ గిన్నె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది. కొడుకు చెప్పాక ఇంకేముందన్నట్టు కమలవ్వ తల ఊపింది.

నర్మద పప్పు గరిటె గిన్నెలో పెట్టి, కొంగు ముందుకు లాక్కుని ఆ మరక అత్తకు చూపించింది. గొంతు పెంచలేదు.

"అత్తా, చెల్లె పెట్టిన గుర్తు మంచిగనే ఉండె. నాకంటె ముందల బొట్టు పెట్టిందని నేనే తుడిసి, నాది పెట్టిన. నా కడుపుమంట గది."

అంబదాస్ ముద్ద కంచంలో పెట్టి ఆమె వైపు తిరిగాడు. నర్మద అతని వైపు చూడలేదు.

"కడ్డీలు సాపైనంక మళ్ల బిగిస్తరు గద. అప్పుడు గుర్తు చెల్లెనే పెడ్తది. నేను గూడ షెడ్డుల ఉంట. ఏది దేనికి ఎదురుండాల్నో, ఎందుకుండాల్నో, నీ పెద్దకొడుకు నాకు చెప్పాలె. మరిది గాదు, ఆయననే చెప్పాలె. రెండు మూతలు, దారం నేను తీసి పెట్టిన."